ఏ దిక్కు పడ్డది

తోడేలు చచ్చిన్నాడు ఇద్దరూ నాదే అన్నరు.
గుండు ముసల్లంది, పోయిన మేకలు హమూద్‌వి.
ఆఖరికి కాళ్లకు తాడు కట్టి
రెండు తోటల నడిమి ఇనుప కడీకి
తలకిందులు వేలాడదీసిన్రు,
మిగిలిన తోడేళ్లు చూసి నేర్చుకోవాలెనట.
అవేం నేర్చుకున్నయో తెల్వదు.
ఈగలు మాత్రం మూడు దినాలు బడికొచ్చినట్టు వచ్చినయి.

నేను హమూద్ తోటల నీళ్లు కట్టేటోన్ని.
కొమురయ్య అని నోరు తిరగక కుమ్రీ అంటడు.
కుమ్రీ అంటే వాళ్ల దిక్కు గువ్వనట.
నలభై ఆరేండ్ల గువ్వ, మోకాళ్లు కలుక్కుమనే గువ్వ.

సినావ్ దాటి ఇసుకల గంట ప్రయాణం.
ఇంత దూరంల పచ్చగ ఉన్నయి మా రెండు గడ్డిమళ్లే.
రాత్రయితే ఆ వాసనకు జింకలొస్తయి.
దూప గొన్నది ఏదైనా అతిథే, అంటడు హమూద్
కావా గిన్నె ఊపుకుంట.
ముసల్లం అంటడు:
నీ అతిథులు నా గడ్డి గూడ మేస్తున్నరు,
లెక్క ఎవలు గడుతరు?
ఆ మాట తప్పని నేననను.
నేనూ మక్కచేను ఏసినోన్నే.

మొన్న తెల్లారకముందు మోటరు పెట్టవోతే
కంచె మీద జింక.
ముందటి కాళ్లు మా దిక్కు, ఎనుక కాళ్లు ఆ దిక్కు.
పక్కబొక్కల కింద వేలు దూరేంత తొర్ర.
పొదుగుల పాలున్నయి.

ఇద్దరూ వచ్చిన్రు.
నాది గాదు, అన్నడు ముసల్లం.
నా తోటల పడలే, అన్నడు హమూద్.
తోడేలు కాడ గల్లాలు పట్టుకున్నోళ్లు
జింకను మాత్రం ఒకలికొకలు దానం చేసుకున్నరు.
జింకకైతే జైలున్నది.
తోడేలుకూ ఉన్నదేమో, ఎవలడిగిన్రు?

ఇగ ఇద్దరూ నా మొకం చూసిన్రు.
కుమ్రీ, నువ్వే ముందుగాల చూసినవు.
ఏ దిక్కు పడ్డది?

నాకు ఓదెలు యాదికొచ్చిండు.
అడివిపందులు కంకులు తొక్కుతున్నయని
ఆ ఏడు చేను చుట్టు కరెంటు తీగ గుంజిన.
పొద్దుగాల పోయి చూస్తే పంది గాదు,
పోశవ్వ చూడిబర్రె.
ఇంకా మొగులు ఎర్రబడలే.
నా ఎడ్లనే కట్టి గెట్టు అవతలికి గుంజిన,
ఓదెలు చెల్కలకు.
ఎడ్లు బెదిరినయి. ఆ వాసన వాటికెరుక.
పంచాయితిల ఓదెలు బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు.
ఎవలు నమ్మలే.
నలభై రెండు వేలు గట్టిండు.
నేను పక్కనే కూసోని బీడీ తాగిన.

దినమెక్కినంక సర్కారు బండొచ్చింది.
కొలిచిన్రు, ఫోటోలు దీసిన్రు, గోనెల మూట గట్టిన్రు.
సన్నటి పిలగాడు, కొత్త టోపి, నన్నడిగిండు
తుపాకి చప్పుడు విన్నవా,
బండి ఏ దిక్కు నుంచి వచ్చింది?
పదకొండేండ్లల్ల బాగ నేర్చుకున్న మాట ఒక్కటే:
మాఫీ మాలూమ్.

టైరు జాడలు ఉండె.
నేను చూసిన.
వాళ్లిద్దరూ రాకముందే మోటరు పెట్టిన,
నీళ్లు జాడల మీదికెల్లి పోయినయి.
యాళయిందని పెట్టిన్నా, కావాలని పెట్టిన్నా,
నాకే సోయి లేదు.

ఆ రాత్రి హమూద్ నాకు ఖర్జూరాల డబ్బ పంపిండు.
ముసల్లం కూడ పంపిండు.
రెండూ విప్పలే.

నడిరాత్రి కంచె కాడ చిన్న గిట్టల చప్పుడు.
పోతది, వస్తది, ఆగుతది.
తల్లి వేలాడిన కాడనే ఆగుతది.
లేచి గడ్డిమడి ఇనుప తలుపు బార్ల తీసిపెట్టిన.

తోడేలుకు కూడ అదే తొవ్వ.
ఎరుకే.
తలుపు ముయ్యక, చెప్పులేసుకోని
ఆడనే కూసున్న.