అవతలి కొస

ఏడేళ్లు నేను చెక్కకి అవతలి కొసని.
ఆయన తోస్తాడు, నేను లాగుతాను,
నడుమ పళ్లు తిరుగుతుంటాయి.
"వరాలూ, వంచకు. వరాలూ, ఎత్తకు."
మిషను ఆడినంతసేపూ మాకు ఆ రెండే మాటలు.

దాసన్నపేట సందులో రేకుల షెడ్డు.
ఎనిమిదడుగుల ప్లైవుడ్డు తిప్పాలంటే
ఒక మూల రోడ్డెక్కుతుంది,
ఆటోవాడు హారన్ కొడతాడు,
ఆయన తిడతాడు. నన్ను.

కోతలో ఒక్క నూలు అటైతే చాలు
తలుపు మూల విరిగిపోయేది.
వడ్రంగికి నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు.
నా నూలు వేరు, అది తర్వాత చెబుతాను.
బిగించినాక పైన సందు, కింద రాపిడి,
ఇంటివాళ్లు అగ్గిపుల్ల దూర్చి మరీ చూపించేవాళ్లు.
ఆయన ఎడమ బొటనవేలికి గోరు లేదు.
ఏమైందని అడిగితే
"కరణంగారి వంటింటి అలమరలో ఉంది" అంటాడు.

జారుడు బల్లున్న మిషను విశాఖలో చూసొచ్చాడు.
లక్షల్లో మాట.
రెండ్రోజులు అన్నం ముందు కూడా
గాల్లో తోసి చూపించేవాడు,
"ఇలగ... వెన్నలాగ..."
చారు గిన్నె తన్నుకుపోయింది.

మూడోరోజు తుక్కు కొట్టు నుంచి
తొక్కుడు రిక్షాలో రెండు కడ్డీలు దిగాయి,
కిరసనాయిలు డబ్బాలో ఎనిమిది బేరింగులు.
"ఏ మిల్లుదో గాని గట్టి సరుకే."

నేను గుడ్డతో తుడిచాను.
గ్రీజు కింద గ్రీజు, దాని కింద
గోగునార పోగు ఒకటి, సన్నగా.
ఏ మిల్లుదో నేను చెప్పలేదు.
నార మీద చల్లే ఆ నూనె కంపు
నా ముక్కుకి ముందే చెప్పింది.

పదకొండేళ్లు బి షిఫ్టు.
తెగిన పోగుని వేలితో అందుకుని
మర ఆగకుండా ముడేయడం నా పని.
ఒకనాడు గేటుకి కాగితం అంటించారు.
చదవడం వచ్చిన పిల్ల ఒక్కతే చదివింది,
మిగతావాళ్లం ఆ పిల్ల మొహం చదివాం.

వెల్డరు దాలినాయుడు
మూడుసార్లు అతికి రెండుసార్లు కోశాడు.
వేడికి ఇనుము వంగుతుందని అందరికీ తెలుసు,
ఎటు వంగుతుందో ఇనుముకే తెలుసు.
సాయంత్రానికి బల్ల జారింది.
కోసిన రెండు ముక్కల్లో ఒకదాన్ని తిరగేసి
పక్కపక్కన నిలబెడితే మధ్యన వెలుతురు,
అగ్గిపుల్లంత కాదు, వెంట్రుకంత.
మళ్లీ బిగింపు, మళ్లీ కోత. మళ్లీ అదే వెలుతురు.
ఇద్దరూ కలిసి నట్టుని తిట్టారు.

నేను కళ్లు మూసుకున్నాను.
"ఓసారి ఖాళీగా తొయ్యండి."
సగం దూరంలో చిన్న సణుగుడు.
"కింద వరసలో మూడోది. తిరగట్లేదు, ఈడ్చుకుపోతోంది."
విప్పితే లోపల గుండొకటి పగిలుంది.
"నీకెలగ తెలిసింది, అప్పా?"
పదకొండేళ్ల మాట ఒక్క ముక్కలో ఏం చెప్పను?
కొత్తది వేశాక వెలుతురు మాయమైంది.

మర్నాడు గంటస్తంభం హోటలుకి
పద్నాలుగు టేబుల్ పలకలు.
అలవాటుగా అవతలికెళ్లి చేతులు చాచాను.
చెక్క నా మీదకి రాలేదు.
బల్లెక్కి కూర్చుని వచ్చింది, తెగింది, ఆగింది.
నా చేతుల్లో పొట్టు రాలింది, వెచ్చగా.

మూసిన గేటు ముందు
ఇలాగే ఖాళీగా వేలాడిన చేతులివి.
ఆ మిల్లు ఇనుమే మళ్లీ వచ్చి
నన్ను రెండోసారి ఇంటికి పొమ్మంటోందా?

ఆయన మిషను ఆపాడు.
చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
"వరాలూ, ఇలగొచ్చి నువ్వు తొయ్యి."

అడ్డపట్టీకి చెక్క ఆనించాను.
తోశాను. కడ్డీ నా అరచేతిని గుర్తుపట్టింది,
లేదా నేనే అనుకున్నాను.
కోత నున్నగా ఉంది, నాలిక పెట్టి చూడొచ్చు.

ఆయన అవతలి కొసకెళ్లి నిలబడ్డాడు.
పట్టుకోడానికి అక్కడేం లేదు.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక
లుంగీకి తుడుచుకుంటున్నాడు.

"వంచకు" అన్నాను.
ఇంకా పదమూడు పలకలున్నాయి.