ఏడో నంబరు సీసా

గోదావరి లోయ నుంచి జీపు వచ్చేసరికి రాత్రి పదిన్నర.
చినవాల్తేరు దిగుడులో కుక్కలు కూడా పడుకున్నాయి.
పద్నాలుగు సీసాల్ని గోనెలో చుట్టి
పక్కసీట్లో కూర్చోబెట్టి తెచ్చాడు అసిరినాయుడు.
"ఒక్కటీ పగల్లేదండి" అన్నాడు,
నేను అడగకుండానే.

అడవిలో ఇసకని తోసుకుని పైకొచ్చే నీళ్లు.
చెయ్యి పెట్టనివ్వవట.
కుంజా ఇరమ్మ అనే ఆవిడ
కోడిగుడ్లు మూటగట్టి అందులో వేలాడదీసి
కబుర్లలో పడి మర్చిపోయి, తర్వాత తీసుకుంటుందట.
మనవాళ్లు సీసాలు నింపుతుంటే అడిగిందట:
"ఇవి ఎక్కడి నీళ్లో
మీ సముద్రం ఊళ్లో తెలిస్తే కబురెట్టండి."

తొమ్మిది రోజులు బ్యూరెట్టు ముందు కూర్చున్నాను.
నీళ్లు మాట్లాడతాయి,
అడిగే పద్ధతొకటి ఉంటుంది.
ఎంత వేడి చూశావని సిలికాని అడగాలి.
పైకొచ్చే దారిలో ఒళ్లు చల్లబడినా
మొదటి వాఙ్మూలం మార్చని సాక్షి అది.
బుగ్గ దగ్గర డెబ్బై డిగ్రీలు,
లోపల నూట ఇరవై, అంది.
సోడియాన్నీ పొటాషియాన్నీ ఎదురెదురుగా నిలబెడితే
ఇంకో ముప్పై కలిపి చెప్పాయి.
సాక్షులన్నాక అంతే.
లిథియం, బోరాన్:
రాయిని నాకిన నాలుక మీద మిగిలిన రుచి.
గంధకం వాసన మాత్రం
మూత తియ్యగానే కిటికీలోంచి పారిపోయింది.

ట్రిటియం లేదు.
అంటే, బాంబులు ఆకాశాన్ని మైలపరచకముందు కురిసింది.
ఆక్సిజన్ తూచి పంపిన కాగితం
రెండుసార్లు చదివాను.
పాతాళగంగ కాదు, కరిగిన రాయి చెమట కాదు.
వాన.
ఏ ఆషాఢంలోనో గట్టు మీద పడి
పగుల్లో కాలుజారి
రెండు కిలోమీటర్లు దిగి
వేడికి బరువు తగ్గి తిరిగొస్తున్న వాన.
దాని చెయ్యి పట్టుకుని వచ్చిన హీలియం మాత్రం
ఏ మేఘానికీ పుట్టింది కాదు.
ఆ కథ నా బల్ల మీద తేలేది కాదు.

ఏడో నంబరు ఈ పదమూడింటికీ చుట్టం కాదు.
సిలికా బొటాబొటి, కాల్షియం దండిగా,
పైగా నైట్రేటు!
అంత లోతున ఎవరి పెరడు, ఎవరి ఎరువు?
మూడుసార్లు చేశాను.
పైనీరు కిందినీటితో కలుస్తోందని
రెండు పేజీల సిద్ధాంతం అల్లాను.
బాగా కుదిరింది కూడా.

టీ గ్లాసు పెడుతూ అసిరినాయుడు
గోడకేసి చూసి చెప్పాడు:
"తుని దగ్గర మూత ఊడి ఒలికిపోయిందండి.
పాక హోటల్ బోరింగులో పట్టేసేను.
కాళీ సీసా చూస్తే మీరు చిన్నబోతారని."
సీసా పగల్లేదు, నిజమే.
రెండు పేజీలూ చింపి
అతని గ్లాసు కింద పెట్టాను.

సాయంత్రం లాసన్స్ బే రాళ్ల మీద కూర్చున్నాం.
ఈ ఒడ్డూ చిరిగిన అంచేనని చెప్పాను,
దీని రెండో ముక్క
దక్షిణధ్రువం మంచు కింద పడుందని.
ఇక్కడ చీలిక పూర్తయింది,
నడుమ సముద్రం వచ్చి కూర్చుంది.
అక్కడ లోయలో భూమి చీలబోయి
సగంలో ఆగింది.
ఎందుకాగిందో
నాకిచ్చిన ఏ సీసాలోనూ లేదు.
అతను చాలాసేపు అలలకేసి చూశాడు.
"తెగిపోయింది చల్లారిపోయిందన్నమాట,
ఆగిపోయిందే ఇంకా కాగుతోందన్నమాట" అన్నాడు.
నేనేమీ అనలేదు.
ఆ మాటకి నా దగ్గర పరీక్ష లేదు.

సోమవారం మళ్లీ ప్రయాణం.
"ఇరమ్మకేటి సెప్పమంటారు?"
"వానేనని చెప్పు."
"నమ్మదండి. వానైతే సల్లగుండాలి గదా అంటాది."
"చాలా దూరం నడిచొచ్చిందని చెప్పు.
మీ తాతమ్మ తడిసిన వాన అయ్యుండొచ్చని చెప్పు."

జీపులోకి ఖాళీ సీసాలు ఎక్కిస్తూ
ఏడోదానికి
రెండు మూతలు బిగించాను.