అరవై అయిదు వేల తలుపులు

పుంతా అరేనాస్‌లో గాలి
ముందు టోపీ అడుగుతుంది, ఆ తర్వాతే పేరు.
జలసంధికి ఎదురుగా, రేకు కప్పు కింద నా కొట్టు.
ముప్ఫై ఎనిమిదేళ్ళుగా
ఇత్తడికి పళ్ళు మొలిపిస్తున్నాను.

ఓడెక్కే ముందు వారం యస్నా మారుసిచ్ వచ్చి
ఇంటి తాళంచెవి నా బల్ల మీద పెట్టింది.
"దాచు ఎవరిస్తో, నీ దగ్గరైతే పోదు."
మంచు కింద నీటి చప్పుళ్ళు పట్టే పని ఆమెది.
పదకొండేళ్ళ చప్పుళ్ళూ
మెట్ల కింద, చీపుళ్ళ పక్కన
పాత కంప్యూటర్ పొట్టలో ఉన్నాయి.
దక్షిణాన ఓడలో కూర్చుని వాటిని తెరవాలట.
ఎలా, అన్నాను.
ఇంటికో తలుపు పెడుతున్నా, అంది.

ఇత్తడి రజను తుడిచి చోటిచ్చాను.
ల్యాప్‌టాప్ తెరిచి చెప్పుకొచ్చింది:
అరవై అయిదు వేల అయిదువందల ముప్ఫై అయిదు తలుపులట,
అన్నీ మూసి ఒక్కటే తెరవాలట.
నాకు మాతే పొలమారింది.
ఒక్క తలుపున్న ఇళ్ళకే
తాళాలు బిగించి నడుం వంగినవాణ్ణి.

తలుపు తెరిచిన గంటలోనే ఎవరో తట్టారు.
నాలుగువందల పన్నెండు సార్లు.
ఊరూ పేరూ లేనివాళ్ళు,
ఒకే మారుతాళం పట్టుకుని
ప్రపంచంలోని గుమ్మాలన్నీ తిరిగేవాళ్ళు.
నాకు కోపమొచ్చింది. వృత్తిపరమైన కోపం.
ఆమె నవ్వి, తలుపును వేరే అంకెకు మార్చి
పళ్ళు లేని తాళంచెవి ఒకటి చేయించింది.
కాగితం మీద అచ్చేస్తే పేజీన్నర గజిబిజి.
నా యంత్రం దానికి నకలు తీయలేదు.
కాసేపు ఆ పేజీని
వెలుగుకి ఎత్తి పట్టుకుని చూశాను, అలవాటు కొద్దీ.

కరెంటు పోయొస్తే ఇంటి నంబరే మారుతుందట.
అందుకని వెంటపడి వచ్చే పేరొకటి పెట్టింది.
నిద్రపోవద్దని యంత్రానికి చెప్పింది.
అన్నీ చేసింది.
కరెంటు తిరిగొచ్చాక తనంతట తాను లేవాలని
చెప్పడమొక్కటే మరిచింది.
తాళం వేసి గొళ్ళెం మరవడమంటే ఇదే.

జూన్ నెల. పగలంటే ఏడు గంటల బూడిదరంగు.
రాత్రంతా గాలి స్తంభాలతో కుస్తీ పట్టింది.
తెల్లారి ఓడ నుంచి ఫోను,
మాటకీ మాటకీ మధ్య సముద్రమంత ఆలస్యం.
"తట్టితే పలకడం లేదు ఎవరిస్తో."

నేను కోసిన ఇనప తాళంచెవితోనే వెళ్ళాను.
ఇల్లు చల్లగా, ఉన్ని వాసనతో ఉంది.
మెట్ల కింద వంగి మీట నొక్కాను.
ఫ్యాను దగ్గింది, తెర వెలిగింది,
రహస్యపదం అడిగింది.

ఫోనులో ఆమె తటపటాయించింది.
అప్పుడు చెప్పింది. ఒక పూర్తి వాక్యం.
వేళ్ళతో వెతుక్కుంటూ కొట్టాను.
అదేమిటో చెప్పను.
వేల తాళంచెవుల పళ్ళు మరిచిపోయాను,
మరవడమే మా వృత్తి ధర్మం.
ఇది మాత్రం పోవడం లేదు,
మాతే కాచుకుంటుంటే నోట్లోకి వస్తోంది.
తిరిగొచ్చాక మార్చేస్తానంది.
మార్చాలి.

"లోపలికి వస్తున్నా," అంది ఫోను.
తెర మీద బాణం
నేను ముట్టకుండానే కదిలింది.
ఎందుకో కుర్చీలోంచి లేచి
పక్కకి తప్పుకున్నాను.
చప్పుళ్ళ ఫోల్డర్ తెరుచుకుంది.
బాణం ఆగి ఆగి, గుర్తుపడుతున్నట్టు,
వరసల వెంట దిగింది.

"ఆ టపటపేంటి?" అడిగింది హఠాత్తుగా.
విన్నాను. వంటింటి వెనక కిటికీ.
గడియ ఒక్క మేకు మీద వేలాడుతోంది,
చాలా కాలంగానే ఉన్నట్టుంది.
ఎవడైనా చేయి పెట్టి లోపలికి రావచ్చు.

జేబులో స్క్రూడ్రైవర్ ఉంది, ఎప్పుడూ ఉంటుంది.
బిగిస్తూ చెప్పాను: ఏం లేదు, గాలి.
ఇంటికొచ్చి ఖాతా పుస్తకంలో రాసుకున్నాను,
మారుసిచ్, గడియ ఒకటి, మేకులు రెండు.