మైనస్ ఎనభై

రాణిగంజ్‌ల నా దుకాణం.
మటన్ షాపుల ఫ్రీజర్లు, పెండ్లిళ్ళ ఐస్‌క్రీం డబ్బాలు,
అద్దెకిచ్చే శవాల పెట్టెలు గూడ రిపేరు చేసిన.
చలి అంటే నాకు మైనస్ పద్దెనిమిది దాకే ఎరుక.

తార్నాక నుంచి ఫోనొచ్చేసరికి రాత్రి పదకొండు.
"మైనస్ ఎనభైదన్నా, అరుస్తున్నది.
కంపెనీ వాళ్ళ కాంట్రాక్టు నిరుడే అయిపోయింది. రాగలవా?"
ఎవరూ ఎత్తని ఫోన్లు చేసి చేసి
అరిగిపోయిన ఆడపిల్ల గొంతు.

బండి మీద పోతుంటే కొత్త ఫ్లైఓవర్.
స్తంభం స్తంభానికి తీగలెక్క పాకిచ్చిన రంగుబల్బులు,
నడుమ ఒక కరెంటు నెమలి
పురి విప్పుతది, ముడుస్తది, మళ్ళ విప్పుతది.
చూసేటందుకు మనిషి లేడు.
కింద పండుకున్న కుక్క ఒకటి
ఎర్రగయితది, పచ్చగయితది.

మూడో అంతస్తు. లిఫ్టుకు అడ్డంగ తాడు.
పిల్ల పేరు కొడప లచ్చుబాయి.
మాట లేకుండ అంకె చూపెట్టింది: యాభై ఆరు.
చూస్తుండంగనే యాభై ఐదు.
తలుపు మీద చెయ్యేస్తే ఆపింది,
"తీస్తే ఇంకో రెండు పోతయన్నా."

"లోపలేముంది బిడ్డా?"
"రక్తం."
పన్నెండు వందల నలభై మందిది.
నార్నూరు, జైనూరు, ఆ అవతలి గూడేలు.
కణం కొడవలి లెక్క వంగుతదట,
వంగిన కాడల్లా ఎముకల సూది దిగుతదట.
ఆదిలాబాద్ బస్సుల, థర్మకోల్ డబ్బా ఒళ్ళె పెట్టుకొని
ఆరేండ్లు తనే మోసుకొచ్చింది.
"మొదటి గొట్టం మా తమ్మునిది," అన్నది.
"ఇప్పుడు వాడు అంతే ఉన్నడు."

నేను స్క్రూడ్రైవర్ దిక్కు చూసిన.

వెనక రేకు విప్పితే దుప్పటంత దుమ్ము,
కాలిన ఫ్యాన్ మోటరు.
గింతే. గీ మోటరుకే చలికాలంల ఫైలు పెట్టిందట.
ఫైలు పరిశీలనల ఉన్నదట.
"మేం రక్తాన్ని చూసినదానికంటే
వాళ్ళు మా ఫైలునే ఎక్కువ పరిశీలించిన్రన్నా!"
నవ్వింది. ఫెలోషిప్పు రాక ఏడు నెలలాయె,
అయినా నవ్వింది.

నాకు పోయిన నెల యాదికొచ్చింది.
ఏదో శంకుస్థాపన. గంటన్నర సభ.
బట్ట గుడారానికి నలభై టన్నుల ఏసీ బిగిచ్చిన.
చలి నిలవదు సార్, పైకి పోతదంటే
పోనీ అన్నరు.
మొగులును సల్లవెట్టిన నేను, గంటన్నర.
నా బిల్లు నాలుగో రోజుకే పాసయింది.

సంచిల ఉన్నది ఐస్‌క్రీం డబ్బా మోటరు.
రేకు కత్తిరిచ్చి, కొలత కలిపి, బిగిచ్చిన.
తిరిగింది.
ఇద్దరం ఆ అంకె ముంగట స్టూళ్ళేసుకొని కూసున్నం
ఐసీయూ బయట కూసున్నట్టు.
నలభై తొమ్మిది. నలభై తొమ్మిది.
చాయ్ లేదు, మాట లేదు.
నలభై తొమ్మిది.
యాభై.

తెల్లారేటాలకు డెబ్భై మూడు.
"ఎన్ని రోజులు ఆగుతదన్నా?"
"ఐస్‌క్రీం మోటరు బిడ్డా. ఎండాకాలం దాటది."
"మందు ఎప్పటికి దొరుకుతది?" నేనడిగిన.
"దొరికితే, పదేండ్లకు."
ఎండాకాలం ఇంక రెండు నెలలే ఉండె.

పర్సులకెళ్ళి రెండు ఐదొందల నోట్లు తీసింది.
తీసుకున్న. గొప్పోణ్ణని చెప్పుకోను,
మోటరు నాకూ ఊరికే రాలె.
మెట్లు దిగుతుంటే మాత్రం జేబు సల్లగ తగిలింది.

ఇప్పుడు కరెంటు పోయిందంటే
మొదలు మటన్ షాపులోళ్ళు ఫోన్ చేస్తరు.
వస్తున్న వస్తున్న అనుకుంటనే
లోపల్లోపల తార్నాక లెక్క నడుస్తది:
డెబ్భై, అరవై తొమ్మిది, అరవై ఎనిమిది...

బండి ఫ్లైఓవర్ కిందికెళ్ళే పోవాలె.
అంతట చీకటి.
నెమలి పురి విప్పే ఉంటది.
దానికి జనరేటర్ ఉన్నది.