ఆగమన్నాక

పరీక్ష పన్నెండు రోజుల్లో ఉందనగా
ఆ మాట నా దగ్గర నిలవలేదు.
హిస్టెరిసిస్.
పుస్తకం మూస్తే పోయేది,
తెరిస్తే కొత్త మనిషిలా చూసేది.

నిజానికది మా గ్రీకు మాటే.
బస్సు వెనకబడితే, లెక్కల్లో పిల్లాడు వెనకబడితే
ఇస్తేరిసి అంటాం ఇంట్లో.
అదే చిక్కు:
తెలిసిన మాట తెలియని కోటు తొడుక్కొచ్చింది.

పెరామా ఓడల యార్డులో
థ్రాసీవులోస్ మేస్త్రీ పుస్తకం లాక్కున్నాడు.
అరిగిన స్క్రూడ్రైవర్‌ని
పాత స్పీకర్ అయస్కాంతానికి పదిసార్లు రుద్ది
అయస్కాంతాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు.
డబ్బాలో ముంచి తీస్తే
మరలన్నీ ముళ్ళపందిలా అంటుకున్నాయి.

"పిలిచినవాడు వెళ్ళిపోయాడు.
ఇనుము ఇంకా అటే తిరిగి కూచుంది.
దాన్ని సున్నాకి తేవాలంటే సున్నా చాలదు పిల్లా,
ఎదురు తోపు కావాలి."

తుప్పుపట్టిన ఓడ పొట్ట మీద
సుద్దతో ఏటవాలుగా ఒక ఆకు గీశాడు.
ఎక్కిన దారిన దిగదట.
ఆకు లోపలి చోటంతా వేడి,
చుట్టు చుట్టుకీ కట్టాల్సిన సుంకం.
ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆలివ్ ఆకంత సన్నటిది కావాలి,
తొందరగా మరిచిపోయే ఇనుము.
మొండి ఉక్కుదైతే నిమ్మాకు.

అర్థమైంది.
పేరు మాత్రం మళ్ళీ జారిపోయింది.

ఆ రాత్రి పడవ దీపాలు గోడ మీద ఊగుతుంటే
ఎందుకో నా పేరు గుర్తొచ్చింది.
ఐదో ఆడపిల్లనని నాన్న
స్తమాతియా అని పెట్టాడు. అంటే ఆగు అని.
ఆగమన్నాక
గరిఫాలియా పుట్టింది.
ఆ తర్వాత మెరోపి.
చీకట్లో పగలబడి నవ్వాను.
ఆ ఇద్దరూ లేచి దిండ్లతో కొట్టారు.

పరీక్షలో ఆకు గీశాను, నిర్వచనం రాశాను,
పక్కన చెల్లెళ్ళ పేర్లు కూడా.
అర మార్కు కోశారు.
పోనీ.

యార్డు మూతపడి ఆరేళ్ళు.
సైరన్ మీద గువ్వలు గూడు కట్టాయి.
నేనిప్పుడు ఫెర్రీల్లో మోటార్లు చుడతాను.
పొద్దున్నే కాఫీ కొట్టు ముందు ఆగితే
సరిగ్గా ఏడింటికి
మేస్త్రీ కప్పు దించి లేచి నిలబడతాడు,
జేబులు తడుముకుంటాడు,
మళ్ళీ కూచుంటాడు.

నేనేమీ అనను.
సున్నా చాలదని
ఆయనే చెప్పాడు.