మూత లోపల

ద్రోణాచలంలో పాత రైల్వే క్వార్టర్లు పడగొట్టినప్పుడు
తలుపు చెక్కలతో, తుప్పు బకెట్లతో కలిసి
కర్నూలు పాతబస్తీ గుజిరీకి వచ్చింది.
ఇత్తడిది. అరచెయ్యి నిండేంత.
షాషావలి దాన్ని కాఫీ మర అనుకున్నాడు.
"పిడి తిరగల్యా పా, తూకానికి తీస్కపో."
మూడు వందల ఎనభై గ్రాములు.
గాలపు రీలని నేను చెప్పలేదు.

ముప్ఫై రెండేళ్లుగా గడియారాలు విప్పే చెయ్యి.
ఇప్పుడెవరూ విప్పమనరు, సెల్లు మార్చమంటారు.
కిరసనాయిల్లో రెండు రాత్రులు నాననిచ్చి
మూత తీశాను.
పళ్ల చక్రం బాగానే ఉంది.
దాని మీద వాలే నాలుక విరిగింది.
సొరుగులో చచ్చిన అలారం ఒకటుంటే
దాని స్ప్రింగు కత్తిరించి కూర్చాను.
టిక్కుమంది.
టిక్కుమందని సంజమ్మ చెప్పింది.
నా చెవులకు సన్నటి శబ్దాలు రావడం మానేసి రెండేళ్లు.
నాకది బొటనవేల్లో తెలిసింది.

మూత లోపలి వైపు గీతలున్నాయి.
మేమూ గీస్తాం, బాగుచేసిన ప్రతి వాచీ వీపు లోపల
ఒక తేదీ, ఒక గుర్తు,
కట్టుకున్నవాడు ఎన్నడూ చూడని సంతకం.
భూతద్దం కంటికి బిగించి చదివాను:
సుంకేసుల, నలభై ఒకటి, పదకొండు పౌన్లు.
సుంకేసుల, పద్నాలుగు.
సుంకేసుల, ఆరున్నర. అర కూడా వదల్లేదు మహానుభావుడు.
బొగ్గు ఇంజను నడిపిన చేతివేమో, అంకెలు ఊగుతున్నాయి.
ఒక వరసలో బరువు లేదు.
"పోయింది" అని ఇంగ్లీషులో ఒక్క మాట.

నైలాన్ దీనికి కుదరలేదు,
చుట్టలు చుట్టలుగా లేచి మొహాన పడుతోంది.
ధర్మవరం బస్సెక్కాను.
మగ్గం గుంతలోంచి నాగులప్ప తలెత్తి
"నూరు గజాలా? ఏ పెండ్లికూతురికి?"
వాలుగకి, అన్నాను.
నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వి
ఆరు పోగులు కలిపి పురి పెట్టించాడు.
రంగొద్దంటే మాత్రం ఒప్పుకోలేదు.
"తెల్లగా పంపిస్తే మా ఇంటి మర్యాద పోతాది."
ఒక కొసన గజం మేర కుంకుమ రంగులో ముంచాడు.
ఆ కొసనే రీలు కడుపులో ముడేశాను, కనబడకుండా.

అంతకుముందు అవిసె నూనె పట్టించి మిద్దె మీద ఆరగట్టితే
సంజమ్మ దాని మీద నా లుంగీ ఆరేసింది.

జూన్ రెండో ఆదివారం.
పై నీళ్లు ఇంకా రాలేదు.
ఆనకట్ట కింద తుంగభద్ర నల్లబండల నడుమ
మడుగులు మడుగులుగా పడి ఉంది.
బతికున్న పరిగెను గుచ్చి విసిరి
సద్దిమూట విప్పబోయాను.
ఇసుక ట్రాక్టరు మీది పిల్లోడు అరిచాడు:
"ఓ పెద్దాయనా, నీ మర కూస్తాండాది!"

నాకు కూత లేదు.
బొటనవేలి కింద పళ్లు, పళ్లు, పళ్లు.
సెకనుకు అయిదు కొట్టుకునేవాటితోనే బతికినవాణ్ణి,
ఇది నా లెక్కకు అందలేదు.
పట్టు తడిసి, కాలి, వేలు కోసుకుంటూ పోయింది
బండ దాటి, ఇంకో బండ దాటి.
రీలు సన్నబడింది.
కుంకుమ రంగు ఎండలోకి వచ్చింది.

ఒక్క నిమిషం ఉందేమో అలా,
నది మీద ఎర్రటి గజం
బిగుసుకుని.
తర్వాత అటువైపు ఎవరూ లేరు.

చుట్టుకుంటే పన్నెండు గజాలు తక్కువ వచ్చింది.
పురి విడలేదు, నా ముడి జారలేదు,
ఏదో రాతి అంచు.
నాగులప్పకు ఈ సంగతి ఉత్తరం రాయాలి.

రాత్రి మూత విప్పి
ఆ ఒక్క మాటకు కింద సూదిమొన ఆనించాను.
"పోయిందేలే. ఎంత తూగుండేది?" సంజమ్మ.
నూరు గజాలు, అన్నాను.
"బరువడిగితే కొలత చెప్తావేంది?"

వినబడనట్టు గీసుకుంటూ పోయాను.