గట్టు నడక

మా నాన్న, లస్కరు ఏడుకొండలు,
తెల్లారకముందే లాకుల దగ్గర స్కేలు చూసి
నీటిమట్టం పుస్తకంలో రాసి
ఆ తరవాతే మొహం కడిగేవాడు.
నీళ్ళు నిన్నటంతే ఉన్నా రాసేవాడు.
"నిన్నటంతే ఉందని చూడకుండా ఎలా తెలుస్తాది?"

అప్పుడు గట్టు నడక.
చేతిలో కర్ర, భుజాన తువ్వాలు,
చూపు కాలవ మీద కాదు,
గట్టుకి అవతలి పాదం మీద.
తడి కనపడితే గొంతుక్కూచునేవాడు.
ఎండ్రకాయ బొక్క బొటనవేలంతే ఉంటుంది.
బంకమట్టి ముద్ద చేసి, కర్రతో కూరి, మడమతో తొక్కి...
గండి పడ్డాక ఊరంతా ఇసక బస్తాలు మోస్తుంది.
పడకముందు ఒక్కడు చాలు.
ఆ ఒక్కడి పేరు ఎవరికీ గుర్తుండదు.

ఇవన్నీ నాకు రాజోలు బ్యాంకులో గుర్తొచ్చాయి.
ఓవర్‌లాకు మిషను కోసం లోనడిగితే
కుర్ర ఆఫీసరు తెర నా వైపు తిప్పాడు.
ఐదువందల డెబ్భై ఒకటి.
పదో తరగతి మార్కులైతే స్వీట్లు పంచేదాన్ని.

"మూడు లోన్లు కట్టలేదండి మీరు."
నేనా?
దారాల కొట్టు గవర్రాజు నా బాకీ
రాసుకోవడం మర్చిపోతే
గుర్తుచేసి మరీ రాయించేదాన్ని, నేనా?

మా పిన్ని మనవడి ఫోన్లో రిపోర్టు తీయించాను.
పదకొండు పేజీలు.
గుబ్బల మంగతాయారు. నేనే.
పుట్టిన తేదీ జనవరి ఒకటి. నాదే.
పుట్టినరోజు తెలియనివాళ్ళందర్నీ
ఆధార్ వాళ్ళు ఆ రోజే కనేశారు కదా.
చిరునామా మాత్రం
ఐ.పోలవరం అవతల ఏదో లంక,
నేనెన్నడూ పంటెక్కి వెళ్ళని ఊరు.

ఇంకో మంగతాయారు.
చదవకూడదని తెలుసు. చదివాను.
జూన్‌లో బంగారం మీద పద్దెనిమిది వేలు:
పిల్లల ఫీజులై ఉంటాయి.
వరదల నెలలో గ్రూపు లోను,
నాలుగు వాయిదాలు ఠంచనుగా కట్టింది.
అప్పుడు, ఒకే వారంలో, ఇంకో రెండు చిన్న అప్పులు.
ఒకే వారంలో రెండు చోట్ల ఎందుకు చెయ్యిచాస్తారో
ఆస్పత్రి బెంచీ మీద కూచున్న ఎవర్నైనా అడగండి.
ఇక అక్కణ్నుంచి గళ్ళన్నీ ఎరుపు.
ముప్పై రోజులు, అరవై, తొంభై,
రేవులో నీళ్ళు మెట్టు మెట్టూ ఎక్కినట్టు.

ఫిర్యాదు పెట్టాను. నెల పడుతుందన్నారు.
ఇరవై ఆరో రోజుకి సరిచేశారు.
నాది రెండు పేజీలకొచ్చేసింది:
పాత కుట్టుమిషను అప్పొకటి, తీరిపోయింది, అంతే.
పిన్ని మనవడు ఈల వేశాడు.
ఆమె లోన్లు మూడూ పంటెక్కి
ఆ లంకకి తిరిగెళ్ళిపోయాయి.
తప్పు సరిచేయడమంటే అదే మరి.
ఆ పూట నాకు అన్నం సయించలేదు.

లెక్కలు రాసే కంపెనీలు నాలుగున్నాయంట,
ఒక్కోటీ ఏడాదికోసారి ఊరికే ఇస్తాదంట.
మూడు నెలలకోటి చొప్పున పంచుకుని
క్యాలెండర్లో అమావాస్యల పక్కన
మార్కింగు సుద్దతో సున్నా చుట్టాను.
జాకెట్లకొచ్చే ఆడాళ్ళకి
టేపు చుడుతూ చెప్తున్నాను:
"నడుం కొలత మారినట్టే అదీ మారుద్ది, చూపించుకోండి."
నవ్వుతారు. ఒకరిద్దరు ఫోను తీస్తారు.

నేను మాత్రం రిపోర్టు తెరవగానే
అంకె చూడను, ముందు చిరునామాలు చూస్తాను.
ఆ లంక లేదు.
హమ్మయ్య అనుకుంటాను,
అనుకున్నందుకు కాస్త సిగ్గుపడతాను.

నాన్న నడక మైలురాయి దగ్గర ఆగిపోయేది.
అవతల గట్టు వేరే లస్కరుది.
కొన్ని పొద్దులు అక్కడే నిలబడి
అవతలి తడివైపు కర్ర చూపిస్తూ
గట్టిగా ఓ కేక వేసేవాడు.
మంచులో ఎవరున్నారో కనపడేది కాదు.
కాసేపు చెవి ఒగ్గి,
వెనక్కి తిరిగేవాడు.